చల్లగాలి ఊదిన హీటర్

ఫ్యాను తిరుగుతోంది, గాలీ వస్తోంది. కానీ వచ్చేది చల్లగాలి.

లోరీనా నేల మీద మోకాళ్లూని, హీటరు జాలీకి అరచెయ్యి ఆనించి కూర్చుంది. లోపల టిక్కుమని ఒక చప్పుడు కావాలి. ఆ వెంటనే గుప్పుమని మంట అంటుకోవాలి. ఆ చప్పుడు కోసం ఆమె ఊపిరి బిగబట్టి వింది. ఫ్యాను అర నిమిషం ఊది, నీరసంగా మూలిగి ఆగిపోయింది.

"ఎన్నోది?" మంచం మీంచి భర్త వెర్లిన్ అడిగాడు.

"మూడోది."

"మూడు తప్పితే అలుగుతుంది. ఇక మీట ఆపి మళ్లీ వేస్తేగానీ పలకదు." ఆ నాలుగు మాటలకే అతనికి దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా ఆమె తలెత్తలేదు. తలెత్తితే తన మొహం అతనికి కనపడుతుంది.

తెల్లవారుజామున మంచుతుఫానుకు కరెంటు తీగలు తెగిపోయాయి. బయట సున్నాకి పన్నెండు డిగ్రీలు కింద ఉంది. చక్కెర దుంపల కోతకని ఉత్తర డకోటాకి వచ్చిన వాళ్లలో చాలామంది, దుంపలు గడ్డకట్టి పని ఆగిపోగానే నిన్ననే తమ చక్రాల ఇళ్లు, ఆ క్యాంపర్లు, లాక్కుని దక్షిణానికి వెళ్లిపోయారు. అందరూ మకాం పెట్టిన తిరునాళ్ల మైదానంలో రెండే మిగిలాయి. వీళ్లది ఒకటి, రెండోది దుంపల గుట్ట దగ్గర మేస్త్రీగా చేసే బెర్నీస్‌ది. వసంతంలో వెర్లిన్‌కి ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. మళ్లీ చలి తగిలితే బతకడం కష్టమని డాక్టరు ఆమెను పక్కకి పిలిచి చెప్పాడు. అతనితో చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఈ ఒక్క కోతకి వెళ్దామని అతనంటే, కాదనడానికి ఆమెకు కారణం దొరకలేదు.

అంబులెన్సుకి ఫోను చేసింది. మంచు తోసే బండి వచ్చేసరికి సాయంత్రం అవుతుందనీ, అప్పటిదాకా అతన్ని వెచ్చగా ఉంచమనీ అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది.

"పొయ్యి వెలిగించు," అన్నాడు వెర్లిన్.

ఆమె వంటపొయ్యి వెలిగించింది. నీలంగా, నిలకడగా మంట వచ్చింది.

"అయితే గ్యాస్ ఉంది. గొట్టమూ గడ్డకట్టలేదు. ఆపెయ్."

"కాసేపు ఉండనీ వెర్లిన్. చేతులు కొంకర్లు పోతున్నాయి."

"ఆపమన్నానా. ఇంత చిన్న గదిలో పొయ్యి పెట్టుకుని పడుకున్న వాళ్లు లేవరు. పొగ బయటికి పోయే గొట్టం దానికి లేదు." అతను కళ్లు మూసుకుని ఆలోచించాడు. యంత్రాన్ని అతను ఎప్పుడూ అలాగే చూస్తాడు, కళ్లు మూసుకుని. "బయటికెళ్లి హీటరు గొట్టం నోట్లో మంచు ఉందేమో చూడు."

వెళ్లి చూసింది. చేత్తో తోడి శుభ్రం చేసింది. తిరిగొచ్చి మీట ఆపి వేసింది. మళ్లీ చల్లగాలే.

"ఫ్యాను చప్పుడు విన్నావా? ముసలాడు మెట్లెక్కుతున్నట్టుంది," అన్నాడతను. "లోపల చిన్న గాలిరేకు ఉంటుంది. ఫ్యాను గట్టిగా ఊదితే అది లేస్తుంది. అది లేస్తేనే నిప్పురవ్వ పడుతుంది. బ్యాటరీ చచ్చిపోతోంది లోరీనా, అంతే. హీటరుకి ఏ జబ్బూ లేదు."

అతని గోళ్ల అంచులు నీలం తిరుగుతున్నాయి. ఆమె దుప్పటి లాగి ఆ చేతులు కప్పింది. చలి ఆగడానికా, తనకు కనపడకుండా ఉండడానికా అంటే ఆమెకే తెలియదు.

తలుపు దబదబా మోగింది. నెత్తి మీద గంపెడు మంచుతో బెర్నీస్ లోపలికొచ్చింది.

"ఉన్నారా, బిగుసుకుపోయారా? నా గ్యాస్ నిన్ననే అయిపోయింది. నేనూ నా కుక్కా ఒకళ్లనొకళ్లం కాచుకుంటున్నాం. మీ కొంప వెచ్చగా ఉంటుందని వస్తే, ఇది నాదానికన్నా కనాకష్టంగా ఉందే!"

"ఇంత అరుపులెందుకు? నేనింకా చావలేదు," అన్నాడు వెర్లిన్.

"నోరు పనిచేస్తోందిగా, ఇంకేం భయం లేదు. లోరీనా, నీ మొగుడి నోటికో తీగ తగిలిస్తే ఈ మైదానం మొత్తానికి కరెంటొస్తుందే."

లోరీనా నవ్వింది. నవ్వుతుంటే ఏడుపు వచ్చేలా ఉందని ఆపేసింది.

ఒక బ్యాటరీ నుంచి ఇంకోదానికి కరెంటు అందించే జంపర్ తీగలు బెర్నీస్ దగ్గరున్నాయి గానీ పొట్టివి. క్యాంపర్ బ్యాటరీ దాని ముక్కు దగ్గర ఉంటుంది. ముందువైపు నడుము లోతు మంచు పేరుకుంది. అందుకని వెర్లిన్ పాత పికప్‌ని క్యాంపర్ పక్కనే, దాదాపు ఒరుసుకునేలా నిలిపారు. ట్రక్కు ముక్కు బ్యాటరీ దగ్గరికి చేరింది. తోక గడ్డికట్టలకు ఆనింది. కోతకొచ్చిన వాళ్లందరూ క్యాంపర్ కింద నీటి గొట్టాలు గడ్డకట్టకుండా చుట్టూ గడ్డికట్టలు పేరుస్తారు. వెర్లిన్ పేర్చిన వరసలో సందు లేదని అందరూ మెచ్చుకునేవారు. కుళాయి దగ్గరికి చెయ్యి పట్టేలా మెట్ల పక్కన ఒక కట్ట మేర మాత్రం ఖాళీ వదిలాడు.

తీగలు తగిలించారు. పికప్ ఇంజను అందుకుంది. లోరీనా లోపలికి పరిగెత్తి మీట వేసింది. ఫ్యాను ఈసారి గట్టిగా హోరెత్తింది. టిక్. గుప్.

ఆమె అరచేతికి వేడి తగిలింది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

"నే చెప్పలా?" అన్నాడు వెర్లిన్.

"చెప్పావయ్యా, చెప్పావు. నీ అంతటివాడు లేడు," అని బెర్నీస్ కుక్కని చూసుకోవడానికి వెళ్లిపోయింది.

లోరీనా సూపు వేడిచేసి అతనిచేత నాలుగు చెంచాలు తాగించి పొయ్యి ఆపింది. గది వెచ్చబడింది. అతని బుగ్గల మీదికి ఎరుపు కూడా వచ్చింది. ఆ రంగు చూసి ఆమె మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది. అరగంట గడిచేసరికి కణతల్లో సన్నగా నొప్పి మొదలైంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా అనుకుంది.

తలుపు పక్క గోడ మీది పెట్టె కీచుమని అరవడం మొదలుపెట్టింది. వాసన లేని విషగాలి చేరితే హెచ్చరించడానికి పెట్టిన పెట్టె అది.

"దాని నోరు నొక్కు," అన్నాడు వెర్లిన్ మత్తుగా. "మాంసం వేయించినా అరుస్తుంది, దుమ్ము రేగినా అరుస్తుంది. మొన్న నీ జుట్టు స్ప్రేకి అరవలా?"

నిజమే, అరిచింది. అలా అరిచిన ప్రతిసారీ అతను నొక్కేవాడు. ఈ కోతల మనుషులందరికీ అదే అలవాటు. లోరీనా నొక్కింది. అది ఆగింది. నిమిషానికి మళ్లీ అరిచింది.

"వెర్లిన్, నీకు తలనొప్పిగా ఉందా?"

"నిద్రొస్తోంది."

"నా వైపు చూడు."

"నిద్రొస్తోందంటున్నానా... హాయిగా ఉంది. హీటరు ఆపకు లోరీనా. మళ్లీ వెలగదు."

నలభై నాలుగేళ్లుగా యంత్రాల విషయంలో అతను చెప్పింది తప్పలేదు. ఆపితే చలి అతన్ని తీసుకుపోతుంది. ఆపకపోతే ఏం తీసుకుపోతుందో ఆమెకు కనపడడం లేదు. మీట మీద వేలు పెట్టింది. అతని బుగ్గలవైపు మళ్లీ చూసింది. అది ఆరోగ్యంతో వచ్చిన ఎరుపు కాదు.

మీట ఆపేసింది. తలుపు తెరిచింది. రెండు కిటికీలు తోసింది. చంకల కింద చేతులేసి అతన్ని మంచం మీంచి లాగుతూ, "బెర్నీస్! బెర్నీస్!" అని గొంతు పగిలేలా అరిచింది. అతని బరువు ఆమెకు తెలిసిన బరువు కాదు. ఏ సాయమూ చెయ్యని బరువు అది.

మెట్లు దిగేచోట ఆమె కాళ్లు తేలిపోయాయి. ఇద్దరూ మంచులో పడ్డారు. పడ్డచోట, ఆమె ముఖానికి జానెడు దూరంలో, పికప్ పొగగొట్టం. అందులోంచి తెల్లగా వస్తున్న పొగ గాలికి చెదిరిపోవడం లేదు. కట్ట వదిలిన సందులోకి, సందు లేకుండా పేర్చిన గడ్డి వెనక్కి, క్యాంపర్ కిందికి వెళ్తోంది. లోపల పెట్టె ఇంకా అరుస్తూనే ఉంది.

బెర్నీస్ వచ్చి ఇంజను ఆపింది. ఏ పరాచికమూ ఆడలేదు. ఇద్దరూ కలిసి వెర్లిన్‌ని ఆరుబయట గాలికి ఎదురుగా నిలిపి ఇంజను వేసిన బెర్నీస్ ట్రక్కులో, కుక్క పక్కన పడుకోబెట్టారు. అతని గుండె మీద లోరీనా చెవి పెట్టింది. చాలాసేపు తన గుండె చప్పుడే వినపడింది. తర్వాత, చాలా నెమ్మదిగా, ఇంకొకటి వినపడింది.

"ట్యాంకులో పెట్రోలు పావే ఉంది. సాయంత్రందాకా రాదు," అంది బెర్నీస్.

"అయితే తవ్వుదాం."

పికప్ ముందువైపు నిలిచేలా క్యాంపర్ ముందున్న మంచు ఇద్దరూ తవ్వారు. నాలుగు పారలకొకసారి లోరీనా వెళ్లి అతన్ని కుదిపి పేరు పెట్టి పిలిచేది. మొదటి రెండుసార్లు మూలిగాడు. మూడోసారి, "తవ్వడం కూడా నన్నే నేర్పమంటావా?" అన్నాడు. ఆమె వెనక్కొచ్చి పార అందుకుంది. ఆమె మొహం చూసి బెర్నీసే, "తిట్టాడా? హమ్మయ్య," అంది.

పికప్ అక్కడికి తెచ్చి, తోకని గాలివాలు వైపుకి తిప్పి నిలిపి, మళ్లీ తీగలు తగిలించారు. మెట్ల పక్క గడ్డికట్టలు కాళ్లతో తన్ని దూరంగా దొర్లించారు. పెట్టె అరుపు మానేదాకా తలుపులు తెరిచే ఉంచి, అప్పుడు హీటరు వెలిగించి అతన్ని లోపలికి తెచ్చారు.

మంచు తోసే బండి రావడానికి ఇంకా రెండు గంటలుంది. మంచం పక్క కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. అక్కణ్ణించి మంచు రజను దుప్పటి మీద పడుతోంది.

"కిటికీ ముయ్యి," అన్నాడు వెర్లిన్.

"ముయ్యను."

"అంత తంటాలు పడి వెలిగించిన వేడంతా బయటికే పోతోంది."

"పోనీ."

అతను ఆమెవైపు చూశాడు. ఆమె అతని మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నాడి లెక్కపెడుతోంది. మధ్యలో లెక్క తప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.