పెద్దల్లుడి గాలిమర

ఇనప పీపాను నిలువునా కోసి పెద్దల్లుడు డాబా మీద నిలబెట్టిన గాలిమర సాయంత్రంలోగా బల్బు వెలిగించాలి. లేకపోతే బట్టల తీగ కట్టుకోవడానికి డాబా చిన్నల్లుడిదేనని మామగారు తేల్చేశారు. పీపా ఇరుసుకు ఉన్న పెద్ద పుల్లీ నుంచి డైనమోకు బెల్టు వేసి, పెద్దల్లుడు పళ్ళు బిగించి మరీ దాన్ని బిగించాడు. గాలి వీస్తున్నా పీపా కదల్లేదు.

"కాస్త వదులు చెయ్యండి అన్నయ్యా. అది బెల్టు, మీ మొండిపట్టు కాదు," అన్నాడు కుట్టుమిషన్లు బాగుచేసే చిన్నల్లుడు.

"నీ గాలి కబుర్లకు ఏదీ తిరగదు, నోర్ముయ్!" అని పెద్దల్లుడు డైనమోను ఇంకాస్త వెనక్కి లాగి నట్టు తిప్పాడు.

పొద్దు వాలింది. చిన్నల్లుడు అప్పుడే బట్టల తీగకు మేకులు కొడుతున్నాడు. అతను అటు తిరిగాక, పెద్దల్లుడు చాటుగా నట్టు వదులు చేశాడు. పీపా గిర్రున తిరిగి బల్బు వెలిగింది.

"చూశారా మామయ్యా, నా మాట వింటే వెలిగింది!" చిన్నల్లుడు సుత్తి పడేసి, మెట్లెక్కి వస్తున్న మామగారికి వినపడేలా అరిచాడు.

"అవునవును, తెలివంతా నీదే అల్లుడూ," మామగారు తలూపారు.

బల్బు వెలిగిందేగానీ పెద్దల్లుడి ముఖం మాడిపోయింది. స్పానర్ అందుకుని, పీపా ఆగి బల్బు ఆరేదాకా బెల్టు బిగించాడు.

"నేనెవడి మాటా వినలేదు!" అన్నాడు. "డాబా తీసుకోమనండి."