ఏటి ఇసుక కాదు

బురద నోట్లో వేసుకుని నమలడం నా ఉద్యోగం. నవ్వకండి. నేలలోకి గొట్టం దించి తీసిన మట్టిని చిటికెడు పళ్ల మధ్య పెడితే, జారేది బంకమన్ను, కరకరలాడేది ఇసుక. ఇరవై ఏళ్లలో ఒక్కనాడూ డోకు రాలేదు. ఆ మంగళవారం వచ్చింది, అదీ మట్టి వల్ల కాదు.

బడి కట్టబోయే పల్లపు స్థలంలో తీసిన మూడో గొట్టాన్ని నిలువునా చీల్చి బల్ల మీద పెట్టాను. అడుగున నల్లమట్టి, అందులో వేళ్లతో సహా నిలబడే ఉన్న గడ్డి. దాని మీద జానెడు మందాన తెల్లటి ఇసుక. భూతద్దం పెడితే ఆ ఇసుక నిండా లోతు సముద్రపు గవ్వల నలుసులు, ఏ ఏరూ మోసుకురాలేనివి. మూడు వందల ఏళ్ల కిందట, సముద్రం అడుగున ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ బిగుసుకున్న రెండు రాతి పలకలు ఒక్కసారిగా జారాయి. తీరమంతా మనిషెత్తు కుంగిపోయింది. గడ్డి వాడే లోపలే అల వచ్చి కప్పేసింది. ఆ పలకలు ఇప్పుడు మళ్లీ బిగుసుకునే ఉన్నాయి.

మా పై అధికారి మా అక్క మొగుడే. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏటి ఇసుక అని రాసెయ్ మరదలా. వరదకి కొట్టుకొచ్చిందని. మొదటి రెండింటికీ రాశావుగా?"

"అప్పుడు గవ్వలు చూడలేదు బావా."

అబద్ధం. చూశాను. చూసి నోరు మూసుకున్నాను.

"సోమవారం పునాదిరాయి వేస్తున్నారు. ఎప్పుడో మూడొందల ఏళ్ల కిందటి నీళ్లకి ఇప్పుడు గొడుగు పడతావా?"

"మసిపూసి మారేడుకాయ చెయ్యమంటారు, అంతేగా?"

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు."

ఒక్కటే అడిగాను. "మీ చిన్నాణ్ణి ఈ బడిలోనే చేరుస్తారా?"

ఆయన తడుముకోనైనా లేదు. "వాణ్ణి గుట్ట మీది బడిలో వేశాంగా. నువ్వు రెండో గొట్టం తీసిన రోజే."

కడుపులో దేవింది. కుళాయి దగ్గరికి పోయి రెండుసార్లు పుక్కిలించాను. ఛీ, ఏం మనిషి! మొహాన ఉమ్మాలనిపించింది. కానీ ఉమ్మితే సగం నా మొహాన పడాలి. ఫైల్లో ఆ రెండు కాగితాల కిందా ఉన్నది నా గుండ్రటి సంతకమే.

కలం తీసి మూడో కాగితం మీద 'సముద్రపు ఇసుక' అని రాశాను. అది చాలదు. రెండు కాగితాలు ఏరు అంటే, ఒక్కటి సముద్రం అంటుంది. రెండు చెప్పిందే నిజమనుకుని బడి కట్టేస్తారు. అందుకని కింద ఇంకో వాక్యం రాశాను: 'మొదటి రెండు గొట్టాల్లో ఉన్నదీ ఇదే. తెలిసే తప్పు రాశాను.' సంతకం పెట్టి, తేదీ వేశాను.

బావ వంగి చదివాడు. మొహం పాలిపోయింది.

"నీ ఉద్యోగం పోతుందే పిచ్చిదానా! నాదీ పోతుంది!"

పిల్లల మాట అప్పుడు కూడా ఆయన నోట రాలేదు.