ఎడమ మోకాలి కట్టు

అయినా ఆ సైన్యం డాక్టరుకి మాత్రం కళ్ళు లేవా, రెండో మోకాలు కూడా నొక్కి చూడొద్దూ? పొద్దుటినుంచి ఏమోస్ హిండిల్ ఈ మాట తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. పదకొండేళ్ళుగా ఆ మిల్లు ఊరి ఫుట్‌బాల్ జట్టు కాళ్ళన్నీ, మర్దనాకీ కట్టుకీ, అతని చేతులమీదుగానే మైదానంలోకి వెళ్ళాయి. ఆ జట్టులో ఆడే క్లెమ్ డక్‌వర్త్ కుడి మోకాలు చెడిన ఏడాదినుంచీ, ఏమోస్ కట్టు కట్టింది ఎడమదానికే. ఎదుటి జట్టువాళ్ళు కట్టు చూసి దాన్నే తన్నేవారు. కుడిది బతికిపోయేది.

యుద్ధం వచ్చాక ఒక శనివారం, ఆట చూసే జనంలోంచి ఒకామె, "బంతి తన్నే కాలికి తుపాకీ బరువా?" అని అరిచింది. మర్నాడే క్లెమ్ వచ్చాడు.

"సైన్యం పరీక్షకి పోతున్నా. మన శనివారం కట్టు కట్టు ముసలోడా. డాక్టర్ని కూడా ఎదుటి జట్టువాడే అనుకో."

ఏమోస్ నవ్వుతూనే బిగించాడు. వరసలో వందమంది ఉన్నారు. డాక్టరు కట్టు విప్పి, ఎడమ మోకాలు వంచి చూసి, భేషన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ బీరు తాగుతూ డాక్టర్ని వెక్కిరించారు. ఇప్పుడు ఏమోస్‌ని తినేస్తున్నది క్లెమ్ చావొక్కటే కాదు, ఆనాటి తన గర్వం.

క్లెమ్ భార్య హెట్టీ ఏమోస్ గదికి వచ్చి, మర్దనా నూనె సీసాల పక్కన ఉత్తరం పరిచింది. ఫ్రాన్సునుంచి, క్లెమ్ తోటి సిపాయి రాసింది. 'ముళ్ళతీగ దగ్గర పరిగెడుతుంటే కుడి కాలు మడతపడింది. లేవలేకపోయాడు. మేం అతన్ని దాటుకుని ముందుకెళ్ళిపోయాం.'

"మెట్లు దిగాలంటే గోడ పట్టుకునే మనిషిని ఎలా తీసుకున్నారండీ, హిండిల్ గారూ?" అంది. "నా నోటికి జడిసే కుంటికాలు దాచుకుని సైన్యంలోకి పారిపోయాడంటుంది మా అత్త. వీధంతా అదే మాట. నాకూ నిజమేననిపిస్తోంది."

'డాక్టర్లకేం తెలుసమ్మా' అంటే చాలు. ఉత్తరం మడుచుకుని వెళ్ళిపోతుంది. కట్టున్నచోటే తంతారు జనం. ఈసారి ఆ కట్టు ఈ పిల్లకి కట్టినట్టయింది.

ఏమోస్ అలమారాలోంచి పట్టీ తీశాడు. బల్లమీద కూర్చుని, పంట్లాం పైకి లాగి, తన ఎడమ మోకాలికి చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆయనది కుడి మోకాలు కదండీ," అంది హెట్టీ.

"అవునమ్మా. పరీక్షనాడు నేను కట్టింది దీనికి. డాక్టరు చూసిందీ దీన్నే."

పట్టీ కొస లోపలికి దోపి, కాలు ఆమె ముందుకి చాపాడు.