ఒక్క పిల్ల కోసం విప్పని సీసా

నేను ఒక తట్టు టీకా సీసాను. బొటనవేలంత ఉంటాను. నా కడుపులోని పొడి పదిమంది పిల్లలకు సరిపోతుంది. అందులో మందునీళ్లు కలిపారంటే మాత్రం కొన్ని గంటలే బతుకు. ఆపైన మిగిలింది పారబోయాల్సిందే.

కర్మాగారంలో ముఖాలకు గుడ్డలు కట్టుకున్నవాళ్లు నన్ను తాకడానికి కూడా భయపడ్డారు. అక్కణ్ణించి విజయనగరం జిల్లా దాకా మంచుపెట్టెల్లోనే ప్రయాణం. ఎండ సోకకుండా నాకు జరిగిన మర్యాద కొత్త అల్లుడికి కూడా జరగదు. మనుషులకు పిల్లలంటే ఎంత ప్రాణమో అనుకున్నాను, వెర్రిదాన్ని.

ఊరి ఆరోగ్యకేంద్రంలో నన్ను చూసుకునేది నర్సు సువార్తమ్మ. మంచి మనిషే. ఒకసారి ఇద్దరు పిల్లల కోసం సీసా విప్పి మిగతాది పారబోసిందని పైఅధికారి అందరిముందూ నిలబెట్టి కడిగేశాడు. అప్పటినుంచి పిల్లలు పోగవకుండా మూత తీయడం మానేసింది.

ఒక బుధవారం, టీకాల రోజున, పైడితల్లి ఏడాది నిండని కూతురు ఝాన్సీని చంకనేసుకొని వచ్చింది.

"రేపు ఇటుకబట్టీకి ఎల్లిపోతన్నామండి. పిల్లకి సూదేసీండి."

"ఇంకెవరూ రాలేదమ్మా. ఒక్క పిల్ల కోసం సీసా విప్పితే నన్ను బతకనివ్వరు. వచ్చే వారం రా."

"అప్పటికి మేం ఉండం కదండి."

"తిరిగొచ్చాక వేస్తాలే. కొంపలేం మునిగిపోవు."

ఇంకో తల్లి ఎవరైనా వస్తుందేమోనని పైడితల్లి గుమ్మంలో నిలబడి వీధి చివరిదాకా చూసింది. ఎవరూ రాలేదు. ఆమె వెళ్లిపోయింది. నేను భద్రంగా ఫ్రిజ్‌కి చేరాను.

వానలు మొదలయ్యాక ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి చంకలో ఉన్నది ఆడపడుచు కొడుకు.

"నీ పాపేదమ్మా?" అని అడిగింది సువార్తమ్మ.

"బట్టీకాడ తట్టు పోసినాదండి. అమ్మవారని ఏపాకులేసి పడుకోబెట్టినాం. ఊపిరందక పోయినాది." పైడితల్లి గొంతు పెంచలేదు. "ఇయ్యాల కూడా ఈడొక్కడే ఉన్నాడు. ఏస్తారా, ఎల్లిపోమంటారా?"

సువార్తమ్మ నన్ను విప్పింది, మందునీళ్లు కలిపింది, పిల్లాడికి సూది వేసింది. నా పుట్టుకకు పని దొరికింది, కానీ నాకు సంతోషం కలగలేదు. వృథా కాకూడదని నన్ను అన్నాళ్లు దాచినవాళ్లందరిమీదా ఒళ్లు మండిపోయింది.

పైడితల్లి నావైపే చూస్తోంది.

"మిగిలిందేటి సేస్తారండి?"

"ఎవరూ రాకపోతే పారబోస్తాను."

"ఆరోజూ అలాగే పారబోసీవలసిందండి," అంది పైడితల్లి, ఏడుస్తున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుంటూ.