నా ముఖం తుడవకండి

నేను ఒక స్పార్క్ ప్లగ్గుని. బండి పరుగెత్తితే ఇంజనుకు పేరు, మొరాయిస్తే నాకు తిట్లు. వెంటనే నన్ను విప్పుతారు, గరుకు కాగితంతో బరబరా రుద్దుతారు, మళ్ళీ బిగిస్తారు. ఇంజను కడుపులో ఏముందో నా ముఖం మీదే రాసి ఉంటుంది. ఆ రాత చదవకుండా చెరిపేసి, జబ్బు ఎందుకు తగ్గలేదని తల గోక్కునే తెలివి మనిషిది!

ఎక్కడో ఫ్యాక్టరీలో ఉక్కునీ పింగాణీనీ కలిపి నన్ను చేశారు. అక్కడి నుంచి అనకాపల్లిలో పాత బండ్లు అమ్మే గవర్రాజు సొంత స్కూటర్లోకి వచ్చి పడ్డాను. మంచి ఇంజను. పెట్రోలు సరిగ్గా మండేది, నా ముఖం లేత కాఫీరంగులో కళకళలాడేది. ఇంజను ఆరోగ్యానికి ఆ రంగే గుర్తు.

ఒకరోజు గవర్రాజు నన్ను విప్పి, అమ్మకానికి పెట్టిన అదే రకం స్కూటర్లో బిగించాడు. దాని పిస్టన్ రింగులు అరిగిపోయి ఆయిలు పైకి ఎక్కుతోంది; అది మండితే ఏ ప్లగ్గు ముఖమైనా నల్లగా మసిబారాల్సిందే. కొనడానికి వచ్చింది పోలమ్మ. పూడిమడక రేవు నుంచి చేపలు తెచ్చి ఊళ్ళమ్మట అమ్ముకునే మనిషి. కిందటి వేసవిలో ఆమె బండి నడిదారిలో ఆగిపోయి, పెట్టెడు చేపలు ఎండకు కుళ్ళిపోయాయట. ఇంకోసారి అలా జరిగితే ఆమె వ్యాపారం మునిగినట్టే.

"సూడప్పా, ప్లగ్గు రంగు! ఇంజను బంగారం," అని గవర్రాజు నన్ను విప్పి చూపించాడు.

నాకు ఒళ్ళు మండింది. నా మంచిపేరు తీసుకెళ్ళి ఆ రోగిష్టి ఇంజనుకు తొడుగుతాడా? నేను దొంగసాక్షిని కాను!

"అమ్మేవోడు సూపించిన సేప నానెప్పుడూ కొన్ను బావూ. మొప్పెత్తి నాను సూసుకోవాల," అంది పోలమ్మ. నన్ను మళ్ళీ బిగింపించి, బండెక్కి ఊరవతల దాకా పోయి వచ్చింది. దారి పొడుగునా ఆయిలు నా ముఖం మీద పడుతూనే ఉంది. పడనీ అనుకున్నాను. ఒక్క చుక్క కూడా దాచలేదు.

తిరిగి రాగానే, "ఇప్పు," అంది.

"సెయ్యి కాలిపోద్దప్పా!"

"సల్లారనీ. కూకుంతాను." ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.

చివరికి విప్పక తప్పలేదు. విప్పగానే గవర్రాజు చెయ్యి గరుకు కాగితం మీదికి పోయింది. అలవాటో దొంగబుద్ధో, నా ముఖానికి రెండూ ఒకటే. పోలమ్మ అతని మణికట్టు పట్టేసుకుంది.

"మొప్ప కడిగీసి సూపిత్తావేటి?"

ఆమె అరచేతిలో పడ్డాను. నల్లగా, జిడ్డుగా, దర్జాగా. ఇందాకటి కాఫీరంగు మచ్చుకైనా లేదు. ఆమె నన్ను వేలితో ఒకసారి రుద్ది, ఆ మసి గవర్రాజు తెల్లచొక్కాకే తుడిచి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ క్షణాన నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

"దిక్కుమాలిన ప్లగ్గు! బేరం సెడగొట్టీసింది!" అని గవర్రాజు నన్ను పాత ఇనుములోకి విసిరేశాడు.

తుప్పు పట్టిన చెయిన్ల మధ్య పడి ఉన్నాను. నాకేం బాధ లేదు. రేపు ఇంకో బేరానికి ఇంకో ప్లగ్గు ముఖం కడిగి బిగిస్తాడు. బిగించుకోనీ. ఆ ఇంజన్లో ఊరు దాటి వచ్చి, కాఫీరంగు ముఖంతో బయటపడే ప్లగ్గు ఇంకా పుట్టలేదు.