ప్యాకెట్టు మీది రైతు

డ్రమ్ములో గింజలు చిటపటలాడగానే గంగాధర మంట తగ్గించాడు. అరబ్బు దేశంలో, సులైబియాలోని ఆ గోదాములో తొమ్మిదేళ్లుగా కాఫీ వేయించేది అతనే. ఎడమ ముంజేతి నిండా పాత బొబ్బల మచ్చలు, కనుబొమ్మల మీద గోధుమరంగు పొట్టు. చల్లారిన గింజల్ని పావుకిలో చొప్పున ప్యాకెట్లకెత్తి, అట్టపెట్టెల్లో బొమ్మ లోపలివైపుకు తిప్పి పేర్చాడు. ఎప్పుడూ అలాగే పేరుస్తాడు.

ప్యాకెట్ల మీద ఆరేళ్లుగా ఉన్న ఆ బొమ్మ తెస్ఫాయెది. ఇథియోపియాలో రెండెకరాల సన్నకారు రైతు. అతని పేరు, ఊరు, ఎంతమంది పిల్లలు, తోట ఏ కొండ మీద ఉందీ అన్నీ ప్యాకెట్టు మీద అచ్చేసి ఉంటాయి. అతనికి న్యాయమైన ధర ఇస్తున్నామని యజమాని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. నగరంలో షర్క్ పేటలోని తన దుకాణంలో నిలువెత్తు ఫోటో కూడా పెట్టించాడు. గంగాధరను మాత్రం ఇన్నేళ్లూ పేరుతో కాక, పనివాళ్లందరినీ పిలిచినట్టే రఫీక్ అని పిలిచాడు.

గంగాధరకూ రాయచోటి పక్కన రెండెకరాలుండేవి. వేరుశెనగ వేసేవాడు. మండీలో వాళ్లు చెప్పిందే ధర. వరసగా నాలుగేళ్లు పైరు ఎండాక చేను అమ్మి విమానమెక్కాడు. ఆ కాయలు తిన్నవాళ్లెవరూ పండించినవాడి పేరు అడగలేదు.

మధ్యాహ్నం సల్వా అనే ఇంకో పేట నుంచి భార్య అంకాలమ్మ ఫోన్ చేసింది. అక్కడొక ఇంట్లో పనిచేస్తుంది; ఆ ఇంటి యజమానురాలిని మామా అని పిలవాలి.

"తింటివా?"

"తింటి."

"మీ కాఫీ పొట్లం మా ఇంటికొచ్చింది. మామా ఆ బొమ్మ చుట్టాలకు చూపించి, పాపం ఎంత కష్టపడతాడో అని ఒకటే బాధపడె. నేను ఆడే కప్పులు కడుగుతాండా."

"నీ లీవు సంగతి అడిగితివా?"

"రంజాన్ అయినాక చూద్దామనె." మళ్లీ బొమ్మ సంగతికే వచ్చింది. "మొగం మంచిదిలే ఆయనది. మా నాయన మాదిరి ఉండాడు."

గంగాధర ఫోన్ పెట్టేశాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ప్యాకెట్లను పెట్టెలో ఇంకాస్త గట్టిగా కుక్కాడు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వ్యాను డ్రైవర్ రసూల్ వచ్చి, స్టిక్కర్ల కట్ట బల్ల మీద పెట్టాడు.

"అన్ని ప్యాకెట్ల మీదా ఈ కొత్త బొమ్మ అంటించమనె బాస్."

"పాతాయన?"

"పోయినాడంటన్నా. పోయిన నెల."

"ఎట్ల పోయినాడంట?"

"చెప్పలా."

ఆ మొహం ఇక కనబడకూడదని గంగాధర ఎన్నిసార్లు అనుకున్నాడో. ఇప్పుడు సంతోషం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఒక ప్యాకెట్టు తీసి తనవైపు తిప్పుకున్నాడు. గుంటలు పడ్డ చెంపలు, ఎండకు చికిలించిన కళ్లు, తెల్ల గుండీల చొక్కా. ఆరేళ్లలో ఆ మొహాన్ని తిన్నగా చూడడం అదే మొదటిసారి.

"చేను ఎవరు చూస్తాండారంట?" అన్నాడు.

"మనకేం తెలుసన్నా. యల్లా, తొందరగా కానీ. నేను షర్క్ పోవాల."

గంగాధర ఒక్కో స్టిక్కరూ అంచులు లేవకుండా బొటనవేలితో నొక్కి అంటించాడు. తెస్ఫాయె మొహం మీద ఇప్పుడు ఎవరో ఆడమనిషి నవ్వుతోంది.

రసూల్ వెళ్లిపోయాక, మర్నాటి కోసం తెస్ఫాయె తోట నుంచి వచ్చిన చివరి బస్తా విప్పి, రాళ్లేరడానికి గింజల్ని పళ్లెంలో పోశాడు. పచ్చి గింజల మధ్య ఏదో తెల్లగా మెరిసింది. తీసి తూకం బల్ల అంచున పెట్టాడు. నాలుగు కంతల చొక్కా గుండీ. ఒక కంతలో తెగిన నల్లదారం ఇంకా ముడిపడే ఉంది.