చెంప ఒరుగు

“కిటికీ వేశావా?”

ఆదివారం మా ఆయన రవికాంత్ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి అడిగే మొదటి మాట ఇదే. ఏం వండుతున్నావని కాదు, చెయ్యి కాలిందా అని కాదు. కిటికీ. వేశాను మహానుభావా! ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపాను, తలుపు కింద తడిగుడ్డ కూడా పెట్టాను. మే నెలలో భిలాయిలో అలా తలుపులు మూసుకుని పొయ్యి ముందు నిలబడి చూడండి, తెలుస్తుంది. ఒక పొయ్యి మీద గోంగూరలో ఎండుచేపలు, లోకం కోసం. రెండో పొయ్యి మీద గోంగూరలోనే మా అమ్మ ఇచ్చిన రెండు ముక్కలు, మా కోసం. చేపల వాసన ఆ ముక్కల వాసనను మింగెయ్యాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండాలి. పదకొండేళ్లుగా ఈ స్టీల్ ప్లాంట్ సెక్టార్ క్వార్టర్లో ఇదీ నా డ్యూటీ. దీనికి వీక్లీ ఆఫ్ లేదు.

మా అమ్మ రత్నం ఇక్కడికి దగ్గర్లోనే, చరోదాలో ఉంటుంది. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు. పక్కూరు ఉతైలో పందిని కోసిన రోజు అమ్మ వెళ్లి మాంసం తెచ్చుకుంటుంది. ఉప్పూ పసుపూ కారం పట్టించి, దారానికి గుచ్చి ఎండబెట్టి, ఆ తర్వాత కట్టెల పొయ్యి పైన పొగకు వేలాడదీస్తుంది. దవడ పక్క ముక్క ఆవిడ నోట్లో ‘సెంపొరుగు’. డొక్క దగ్గరిది ‘డొక్కొరుగు’. విజయనగరం నుంచి వచ్చిన మా మేనత్త అదే చెంపను ‘బుగ్గెండు’ అనేది. అసలు పేరు ఎవరిదని ఇద్దరూ వదినామరదళ్లలాగే పోట్లాడుకునేవారు. ఉతైలో మాంసం అమ్మే దీదీకి ఎండబెట్టినవన్నీ ‘సుక్సా’నే. ఇక్కడే పుట్టిన నా కూతురు మేఘనకి ‘నానీ వాలా’, అంటే అమ్మమ్మది. మా ఆయన మాత్రం దానికి పేరే పెట్టలేదు. “అది ఉందా?” అంటారు. మూత తియ్యగానే చెంప ముక్క ఏదో వెతికి ముందు తన కంచంలో వేసుకుంటారు. ఆ తర్వాతే మేము.

మీకు నవ్వొస్తుందేమో. నాకు భయమేస్తుంది. పెళ్లైన కొత్తలో పవర్ హౌస్ అనే పేటలో అద్దెకుండేవాళ్లం. చెత్తబుట్టలో ఎముక చూసి, ఏం తిన్నామో ఆరా తీసి, ఇంటాయన నాలుగు రోజుల్లో ఖాళీ చేయించాడు. సామాను ఆటోలోకి ఎక్కిస్తుంటే వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడింది. ఒక్కరూ తిట్టలేదు. నేను చెయ్యి పెట్టిన కొళాయిని మాత్రం ఒకావిడ చెంబుడు నీళ్లు పోసి కడిగింది. ఆ నీళ్ల చప్పుడు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. మా ఆయనా విన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయింది. ఏ ఊరంటే “వైజాగ్ దగ్గర” అయిపోయింది. మా ఇద్దరిదీ ఒకే కులం, ఒకే తిండి. దాచే పని మాత్రం నా ఒక్కదానిదే. “ఎప్పుడైనా దొరికిపోతే మీ అమ్మ అలవాటని చెప్పు,” అన్నారు ఒకసారి, కరెంటు బిల్లు గురించి చెప్పినట్టు. “మళ్లీ పవర్ హౌస్‌లో జరిగినట్టు జరిగిందా, మీ అమ్మ ఈ గడప తొక్కదు.” పక్కనే కూచున్న అత్తగారు, “మగోడి పరువు ఆడదాని పొయ్యికాడే ఉంటాదే, వందనా,” అన్నారు. అదే ముక్క నమిలించి కొడుకుని పెంచిన తల్లి!

ఈ ఆదివారం పన్నెండున్నరకి పై అంతస్తు మణిమాల మేడమ్ ఫోన్ చేసింది. ఆవిడ భర్త మురళీధర్ గారు మా ఆయనకి పై ఆఫీసరు. “ఎండుచేపల వాసన చంపేస్తోందే వందనా! కొంచెం పంపవూ?” అంది. ఇలా అడగడం కొత్త కాదు. చేపలు ఒక స్టీలు డబ్బాలో, మా ముక్కలు ఇంకో డబ్బాలో సర్దాను. రెండూ ఒకే రకం డబ్బాలు, పనమ్మాయికి అనుమానం రాకూడదని మా ఆయన పట్టుబట్టి కొన్నవి. రెండూ గట్టు మీదే పెట్టి, చేపల డబ్బా పైన ఇచ్చి రమ్మని మేఘనకి చెప్పి స్నానానికి వెళ్లాను.

నేను బయటికొచ్చేసరికి ఆయన కంచం ముందు కూచుని మిగిలిన డబ్బాలో గరిటెతో కెలుకుతున్నారు.

“అది ఏదీ?”

గరిటెలో చేప ముల్లు ఉంది.

“డాడీ, సామ్‌నే వాలా, ముందున్న డబ్బా ఇచ్చొచ్చా,” అంది మేఘన. “గలత్ దే దియా క్యా? వేరేది ఇచ్చేశానా?”

నేను తలుపు వైపు నడిచాను. ఆయన లేచి నా జబ్బ పట్టుకున్నారు. భయమేస్తే ఆయన నోటికి మా భాష దానంతటదే వచ్చేస్తుంది. “ఎక్కడికే? నోరు మూసుకో. తింటే తింటాది, ఏటవుద్ది? అడిగితే పాత చేప అను.”

“పంది మాట వింటేనే కడుపులో తిప్పుద్దన్న మనిషండీ ఆవిడ.”

“తెలిస్తే కదా తిప్పడానికి?”

మేఘన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “మమ్మీ, ఆంటీకి చెప్పాలి కదా?”

ఏం చెప్పను తల్లీ. కొళాయి మీద పడ్డ నీళ్ల చప్పుడు మళ్లీ చెవిలో వినబడింది. చరోదా బస్సు దిగి, సంచీ పట్టుకుని, గడప అవతలే నిలబడిపోయిన మా అమ్మ కళ్ల ముందు మెదిలింది. రేపు స్కూల్లో మేఘన పక్కన ఎవరూ కూచోకపోతే? చెప్పొద్దనిపించింది. నిజం, ఒక్క క్షణం గట్టిగానే అనిపించింది. కానీ నా తిండిని ఎవరైనా అసహ్యించుకుంటే అది వాళ్ల జబ్బు. వద్దన్న మనిషి నోట్లో చెప్పకుండా పెడితే అది నా తప్పు. ఇన్నేళ్లూ దాచింది ఇందుకా? జబ్బ విడిపించుకుని మెట్లెక్కాను.

బెల్లు నొక్కాను. మణిమాల మేడమ్ తలుపు తీసింది. కుడిచేతి వేళ్లకి అన్నం, గోంగూర.

“రావే రా! ఇప్పుడే కలిపాను. నోట్లో పెట్టుకోబోతుంటే నువ్వు.”

“తినకండి మేడమ్. డబ్బా మారిపోయింది. అది చేప కాదు.” ఆవిడ వేళ్ల వైపు చూపించాను. “మా అమ్మ సెంపొరుగంటాది. పంది చెంప, ఉప్పేసి ఎండబెట్టింది. చెప్పకుండా మీచేత తినిపించడం నా వల్ల కాదు.”

ఆవిడ చేతిని ఒంటికి దూరంగా పట్టుకుంది. మొహంలో నవ్వు పోయింది. నన్ను పైనుంచి కిందికి, ఇప్పుడే చూస్తున్నట్టు చూసింది. వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడు. మా ఆయన సగం మెట్ల దగ్గర ఆగిపోయారు, పక్కన మేఘన. ఆయన పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ‘మీ అమ్మ, మీ అమ్మ అని చెప్పు.’

“మీ ఇంట్లో... ఇది తినేదెవరు వందనా?” మణిమాల మేడమ్ నెమ్మదిగా అడిగింది.

నేను మళ్లీ ఆవిడ వైపు తిరిగాను.

“అందరం తింటాం మేడమ్. చెంప ముక్క మాత్రం ఎప్పుడూ ఆయనకే.”